యు ఉన్న లేబరు, యు లేని లేబరు

ఇంగ్లీషు రాకపోయినా మా వాడల అందరికీ వచ్చే ఇంగ్లీషు మాట ఒకటుంది. లేబర్. మాది పాలమూరు జిల్లా. ఊరు దాటినంక మమ్ముల్ని ఇంటిపేరుతో పిలిచినోళ్ళు లేరు. అందరికీ కలిపి ఒకటే పేరు - పాలమూరు లేబర్. నాగార్జునసాగర్ కట్టకాడ అదే పేరు, శ్రీశైలం కాడ అదే పేరు, హైదరాబాదుల అపార్టుమెంట్లు లేస్తున్న కాలంల అమీర్‌పేట, పంజాగుట్టల కాడ అదే పేరు. మా తాత సాగర్ కాడ లేబర్. మా అయ్య అమీర్‌పేటల లేబర్. మా అవ్వ ఆడ లేబర్. ఆడ లేబర్ అంటే కూలి తక్కువ. తట్ట బరువు మాత్రం తక్కువుండదు.

ఈ మాటను తెలుగుల ఒక్క తీరుగనే రాస్తం. ఇంగ్లీషుల రెండు తీర్లు. ఎల్, ఎ, బి, ఓ, యు, ఆర్ అని బ్రిటిషోళ్ళు రాస్తరు. యు తీసేసి అయిదు అక్షరాలతోనే అమెరికావోళ్ళు రాస్తరు. అర్థం ఒకటే. పలుకుడు దాదాపు ఒకటే. నేను ముప్పై ఏండ్లకు పైన అమీర్‌పేటల టైపు కొట్టి, జిరాక్సు తీసి బతికినోన్ని. రెండు రకాల లేబరూ నా చేతుల మీదికెళ్ళే పోయింది. నిఘంటువు ముందర పెట్టుకుంటే ఇది ఒక్క అక్షరం ముచ్చట. మైత్రీవనం ముందర నిలబడి చూస్తే అట్ల కనబడదు. ఆ తేడా రాద్దామనే ఈ నాలుగు పేజీలు.

నాకు ఈ మాట స్పెల్లింగు బడిల రాలేదు. నీళ్ళ డ్రమ్ము మీద వచ్చింది. ఎండకాలం సెలవులకు హాస్టలు మూసేస్తే నేను అమీర్‌పేటకు, అయ్య అవ్వ పనిచేసే సైటు మీదికి వచ్చేటోన్ని. 1985, 86 నాటి మాట. సైటు మీద రెండు డ్రమ్ములుండేవి. ఒకటి షెడ్డు లోపల, మూత పెట్టి, మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అది ఇంజనీరు సార్లది. ఇంకొకటి బయట ఎండల, మాలు కలిపే తావు పక్కన ఉండేది. దాని మీద ఎర్ర పెయింటుతోటి ఆరు ఇంగ్లీషు అక్షరాలు. మా ఊళ్ళె బాయికాడ ఏ రాతా లేదు. రాయకున్నా ఎవరెక్కడ నిలబడాల్నో అందరికీ ఎరుకే. పట్నం చదువుకున్నోళ్ళది గనక రాసి పెట్టిండ్రు. నేను ఆ ఆరు అక్షరాలను ఇసుకల పుల్లతోటి దిద్దుకున్న. చేతికి పడేదాక దిద్దుకున్న.

తొమ్మిదో తరగతిల ఇంగ్లీషు సారు డిక్టేషన్ చెప్పిండు. అందుల ఈ మాట వచ్చింది. క్లాసుల సగం మంది చివర ఇ, ఆర్ పెట్టిండ్రు. నాది సరిగ్గ ఉన్నది. సారు నా నోటుబుక్కు రెండుసార్లు చూసిండు.

"ఎవన్ది చూసి రాసినవ్ రా?"

"ఎవ్వలదీ చూడలేద్సార్."

"మరి నీకెట్లొచ్చిందిరా?"

డ్రమ్ము సంగతి చెప్పిన. క్లాసంత నవ్వింది. సారు కూడా నవ్వి, "అవున్లేరా, నీ ఇంటిపేరు నీకు రాకపోతే ఎట్ల" అన్నడు. దెబ్బలు కొట్టలేదు. ఆ సారు మంచోడని పేరుండె, ఇప్పటికీ ఉన్నది.

1990ల నేను ఇంటరు చదువుతున్న. ఆ ఆగస్టుల వి.పి. సింగ్ ప్రభుత్వం మండల్ కమిషన్ సిఫారసులు అమలు చేస్తమన్నది. అవి బీసీల రిజర్వేషన్లు. దేశంల అగ్రకులాల విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చిండ్రు. చీపుర్లు పట్టుకోని రోడ్లూడ్చిండ్రు, బూట్లు పాలిష్ చేసిండ్రు. ఆ ఫొటోలు పేపర్లల్ల వచ్చినయి. సీట్లు, నౌకర్లు పోతే మా గతి ఇదేనని చెప్పుడన్న మాట. మా వాడోళ్ళు బతికేందుకు చేసే పని వాళ్ళకు నిరసన కార్యక్రమం అయ్యింది. హాస్టలు వరండాల ఆ పేపరు చుట్టూ మేం పదిమందిమి నిలబడి చూసినం. ఎవ్వలం ఏం మాట్లాడలే. మాలో ఒకడు ఫొటోల చీపురు పట్టుకున్న తీరు చూసి, "వీనికి ఊడ్వనే రాదు" అన్నడు.

1991ల టైపు నేర్చుకుందామని అమీర్‌పేటకు వచ్చిన. ఫీజు కట్టే తాకతు లేదు. పొద్దున ఇన్‌స్టిట్యూటు ఊడ్చి, మిషన్లు తుడిచి, రిబ్బన్లు మార్చి, దానికింద గంట సేపు నేర్చుకునేటోన్ని. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. అక్కడి మాస్టారుకు యు మీద పట్టు ఎక్కువ. మన సర్కారీ ఇంగ్లీషు బ్రిటిషు ఇంగ్లీషు, యు తీస్తే తప్పు, తప్పుకు మార్కులు కోత అనేటోడు. కలర్‌లో యు, హానర్‌లో యు, లేబర్‌లో యు. కీబోర్డు మీద యు కొట్టేది కుడిచేతి చూపుడువేలు. మా ఊరి మొగల అంబేద్కర్ విగ్రహం చాపిన వేలు అదే. ఊరికెనే చెప్తున్న, దీనికి అర్థమేం తియ్యనక్కర లేదు. కాని టైపు కొట్టేటప్పుడు నాకు యాదికొచ్చేది.

ఈ యు ఎక్కడికెళ్ళి వచ్చిందో తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్న. లాటిన్‌లో ఈ మాటకు యు లేదు. ఫ్రెంచి వాళ్ళ నోట్ల పడి ఇంగ్లీషుకు వచ్చేటప్పుడు యు తోడైంది. చానా కాలం ఇంగ్లీషోళ్ళే రెండు తీర్ల రాసుకున్నరు. 1755లో శామ్యూల్ జాన్సన్ లండన్‌లో నిఘంటువు వేసి యు ఉంచిండు. అమెరికా బ్రిటన్ నుంచి విడిపోయినంక నోవా వెబ్‌స్టర్ 1806లో చిన్న నిఘంటువు, 1828లో పెద్ద నిఘంటువు వేసిండు. ఆయన యు తీసేసిండు. కొత్త దేశానికి సొంత స్పెల్లింగు ఉండాలన్నది ఆయన పంతం. ఆస్ట్రేలియా కథ ఇంకా తమాషా. అక్కడ జనం యు పెట్టే రాస్తరు, కాని అక్కడి లేబర్ పార్టీ పేరుల మాత్రం 1912 నుంచి యు లేదు. 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంగ్లీషు పేరు చూడండి. లేబర్‌లో బ్రిటిషోళ్ళ యు ఉంటది, పక్కనే ఆర్గనైజేషన్‌లో మనకు బడిల నేర్పిన ఎస్ బదులు జెడ్ ఉంటది. నాకు దెబ్బలు తినిపించేటంత పవిత్రమైంది ఏదీ ఇందుల లేదు. ఎవని రాజ్యం నడిస్తే వాని అక్షరం నడిచింది. పేర్లు రాసేటప్పుడు ఒకటే సూత్రం. ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నట్టే రాయాలె. ఢిల్లీల ఉన్న కార్మిక మంత్రిత్వ శాఖ పేరుల యు తియ్యొద్దు, వాషింగ్టన్‌ల ఉన్న శాఖ పేరుల యు పెట్టొద్దు. ఈ మర్యాద మంత్రిత్వ శాఖలకు ఉన్నది.

మన పంజాగుట్టనే తీసుకోండి. ఇంగ్లీషుల ఒక బోర్డు మీద పి తర్వాత ఎ ఉంటది, ఇంకో బోర్డు మీద పి తర్వాత యు ఉంటది. ఎట్ల రాసినా బస్సు ఆగుతది.

ఇంకో సంగతి నన్ను చానా రోజులు నవ్వించింది. అమీర్‌పేటల ఏ కోచింగు బోర్డు చూసినా "ల్యాబ్ సౌకర్యం కలదు" అని ఉండేది. ల్యాబ్ అంటే లేబొరేటరీ. అది కూడా లేబర్ కడుపున పుట్టిన మాటే. లాటిన్‌ల పనిచేసుడు అన్న మాట నుంచే వచ్చింది. కాని లేబొరేటరీకి బ్రిటిషోళ్ళు కూడా యు పెట్టరు. ఒకే అవ్వకు పుట్టిన ఇద్దరు కొడుకులు. ఒకడు ఏసీ రూముల కూసున్నడు, ఒకడు ఆ ఏసీ పెట్టెందుకు గోడకు బొక్క కొడుతున్నడు. ఆ గోడ కట్టింది కూడా వాడే.

మన రాజ్యాంగం యు ఉన్న లేబర్‌నే రాసుకుంది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అక్కడ ఇంగ్లీషు వాక్యంలనే బేగార్ అన్న మన దేశపు మాటను అట్లనే ఉంచి, దాని వెనుక బలవంతపు చాకిరీకి ఇంగ్లీషు మాట రాసిండ్రు. వెట్టికి ఇంగ్లీషుల సరిపోయే మాట దొరకలేదనుకుంట. 1976లో కట్టుబానిసత్వం రద్దు చట్టం వచ్చింది, దాని పేరుల కూడా యు ఉన్నది. అంబేద్కర్ 1913లో న్యూయార్క్‌ల కొలంబియాకు పోయిండు, 1916లో లండన్‌కు పోయిండు. యు లేని దేశంలా, యు ఉన్న దేశంలా చదివినోడు. 1936లో సొంత పార్టీ పెట్టినప్పుడు దానికి ఇండిపెండెంట్ లేబర్ పార్టీ అని పేరు పెట్టిండు. అంటరానోళ్ళ పార్టీ అని లోకం అనుకున్నదానికి లేబర్ అన్న పేరు పెట్టుడంటే ఆ మాటను డ్రమ్ము మీదికెళ్ళి తీసి జెండా మీద పెట్టుడు. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్‌ల ఆయన లేబర్ మెంబర్. మా వాడల పిల్లలకు ఆయన రాజ్యాంగం రాసిండని తెలుసు. లేబర్ మంత్రిత్వం చేసిండని చెప్పేటోళ్ళు తక్కువ. చెప్తే బాగుంటది.

1996ల మిషన్లు మూలకు పడ్డయి. నేను ఒక డీటీపీ సెంటర్ల కుదిరిన. కంప్యూటర్ల "లేబర్" అని యు పెట్టి కొట్టంగనే కింద ఎర్ర గీత వచ్చింది. పాములెక్క మెలికలు తిరిగిన గీత. కంప్యూటరు అమెరికా ఇంగ్లీషు మీద పెట్టి ఉన్నది. మాస్టారు అయిదేండ్లు మార్కులు కోసి నేర్పిన అక్షరం రాత్రికి రాత్రి తప్పయి కూసున్నది. నాకు బాధేం కాలేదు. ఒక పంతులు పోయి ఇంకో పంతులు వచ్చిండనుకున్న.

అప్పటికి 2000 సంవత్సరం దగ్గర పడుతున్నది. కంప్యూటర్లు తేదీలు తప్పుతయని అమెరికాకు మనుషులు కావాల్సి వచ్చింది. మైత్రీవనం చుట్టు రోడ్డు మీద నడవ జాగ ఉండకపోయేది. వీసా ఇంటర్వ్యూకు మద్రాసు పోవాల్సిన రోజులవి. పోయేటోళ్ళు కాగితాలన్నీ మా దగ్గర జిరాక్సు తీసుకునేటోళ్ళు. ఆ కాగితాలల్ల ఒకటి లేబర్ కండిషన్ అప్లికేషన్. యు లేదు. 1990 నాటి వాళ్ళ చట్టంతోటి వచ్చింది. హెచ్-1బి మీద మనిషిని తీసుకునే కంపెనీ ఆ కాగితం మీద రాసియ్యాలె. పని ఏంది, ఏ ఊళ్ళె, జీతమెంత అన్నీ ఉండాలె. ఆ ఊళ్ళె ఆ పనికి నడుస్తున్న జీతం కంటె తక్కువ ఇయ్యమని ఒప్పుకోవాలె. ఆ నోటీసు పనికాడ కనబడేటట్టు పెట్టాలె. పనిచేసేటోని చేతికి ఒక కాపీ ఇయ్యాలె. జిరాక్సు తీసుకుంటనే నేను అది మొత్తం చదివిన. మా అయ్యకు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంతో, అందుల కోసుకున్నది ఎంతో ఏ కాగితం మీదా లేదు.

గ్రీన్‌కార్డు దారిల ఇంకో మెట్టున్నది, లేబర్ సర్టిఫికేషన్. అక్కడ ఉన్నోళ్ళ అమ్మానాయినలు ఇక్కడ ఫోన్లు చేసుకుంట "మావాడికి లేబర్ క్లియరయింది" అనేటోళ్ళు. ఎంత ఖుషీగ అనేటోళ్ళో. ఎస్.ఆర్. నగర్ కాడికెళ్ళి వచ్చే ఒక పెద్దమనిషి మా సెంటరుకు మిఠాయి డబ్బా పట్టుకోని వచ్చిండు. "మా వాడి లేబర్ వచ్చేసింది బాబూ" అని అందరికీ పంచిండు. అదే మనిషి బయటికి పోతుంటే, అడ్డా మీద పని దొరకక మా మెట్ల మీద కూసున్న ముగ్గురు లేవడం కొంచెం ఆలస్యమైంది. "ఈ లేబర్ గాళ్ళు ఎక్కడ పడితే అక్కడ..." అనుకుంట పోయిండు. రెండు మాటల నడుమ నిమిషం కూడా లేదు. ఆయన నోటికి రెండు లేబర్లూ కలవలేదు. నేను చదువుకున్నోళ్ళ నోట ఈ తిట్టు విన్నన్ని సార్లు ఇంకే తిట్టూ వినలేదు. లేబర్ మొఖం, లేబర్ బట్టలు, లేబర్ తిండి, లేబర్ బుద్ధి. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చినంక కులం పేరు పెట్టి తిడితే కేసయితదని పట్నంల కొందరికి తెలిసింది. అప్పటికెళ్ళి ఈ మాట ఇంకా ఎక్కువ పనికొచ్చిందని నా లెక్క. కులం పేరు ఎత్తకుండ కులాన్ని తిట్టొచ్చు. కోర్టుల అది ఇంగ్లీషు మాట.

మా అయ్య సంగతి చెప్పాలె. 1998 వానకాలం, పంజాగుట్టల ఒక కాంప్లెక్సు పని. రెండో అంతస్తు పరంజా ఇరిగి కింద పడ్డడు. తుంటి బొక్క ఇరిగింది. నిమ్స్ దగ్గరనే గనక తీసుకపోయినం. మా అయ్యకు అది నిమ్స్ కాదు, బొక్కల దవాఖానా. పాతోళ్ళ మాట తప్పేం లేదు, అది మొదలు నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటలే. (ఆర్థోపెడిక్‌ల కూడా బ్రిటిషోళ్ళు ఎ, ఇ రెండూ రాస్తరు, అమెరికావోళ్ళు ఎ ఎగరగొడ్తరు.) నష్టపరిహారం అడిగితే గుత్తేదారు, ఆ పేరు గల మనిషి నా దగ్గర పనిచేయలేదన్నడు. హాజరు పుస్తకం తెచ్చి చూపిచ్చిండు. ఆ తేదీ కాడ "లేబర్ 14, ఆడ లేబర్ 9" అని ఉన్నది. అంతే. ఇరవై మూడు మందిల ఒక్క పేరు లేదు. మా అయ్య ఆ పద్నాలుగుల ఎక్కడున్నడో నేను చూపియ్యాలె.

1923 నాటి వర్క్‌మెన్ నష్టపరిహార చట్టం కింద దరఖాస్తు నేనే ఇంగ్లీషుల రాసిన. రాత్రి సెంటర్ మూసినంక కూసోని కొట్టిన. "నా తండ్రి భవన నిర్మాణ లేబర్" అని రాయంగనే మా అయ్య వృత్తి కింద ఎర్ర గీత పడ్డది. మౌసు కుడిదిక్కు నొక్కితే కంప్యూటరు మూడు దార్లు చూపిచ్చింది. యు తీసెయ్యమన్నది. లేకుంటె పట్టించుకోకుమన్నది. లేకుంటె నిఘంటువుల చేర్చుకోమన్నది. నేను చేర్చుకోమని నొక్కిన. ఎర్ర గీత పోయింది. ఆ కంప్యూటరు ఖరాబయ్యేదాక మళ్ళ రాలేదు.

దరఖాస్తు మాత్రం నడవలేదు. రెండేండ్లు తిరిగినం. పేరు లేదు గనక సాక్షిని తెమ్మన్నరు. సాక్షి అంటే గుంపు మేస్త్రీ. ఆయన మా ఊరోడే, మా కులపోడే. అప్పటికి అదే గుత్తేదారు దగ్గర ఇంకో సైటు మీద ఉన్నడు. రెండుసార్లు వస్తనన్నడు, రాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన కిందా ఇరవై కొంపలున్నయి. దరఖాస్తు కొట్టేసిండ్రు. మిఠాయి డబ్బా ముచ్చట నేను ఇంటికాడ చెప్తే, మంచంల పండుకున్న మా అయ్య అడిగిండు. "వాళ్ళ లేబర్ ఎట్ల క్లియరయింది కొడుకా? వాళ్ళ మేస్త్రీ సాక్ష్యం చెప్పిండా?" నేను నవ్విన. ఆయన నవ్వడానికి అడగలేదు. మా అయ్య 2011ల పోయిండు. చావు సర్టిఫికెట్ల వృత్తి కాడ నేను దగ్గరుండి రాయించిన, యు తోటి.

ఇప్పుడు అమీర్‌పేట వేరు. 2017 నవంబరుల మెట్రో వచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్ల జాడ లేదు. చానా కోచింగులు ఆన్‌లైన్‌కు పోయినయి. అమెరికా కాన్సులేటు 2008ల మన బేగంపేటకే వచ్చి, 2023ల నానక్‌రాంగూడకు పోయింది. అదే 2023 ఫిబ్రవరిల సియాటెల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అక్కడికి పోయినోళ్ళు యు ఇక్కడ ఇడిచిపెట్టి పోయిండ్రు గాని, కులాన్ని పెట్టెల సర్దుకోనే పోయిండ్రన్న మాట. మా వాడలకెళ్ళి కూడ ఇప్పుడు పిల్లలు పోతున్నరు. నాకు సొంత జిరాక్సు దుకాణం ఉన్నది గనక వాళ్ళు వస్తుంటరు.

మొన్న ఒక పాప వచ్చింది. మా దిక్కుదే, నారాయణపేట అవతల. రెండు కాగితాలు టైపు చేయించాల్నన్నది. ఒకటి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కోసం తన ఇంటి పరిస్థితి మీద రాసుకున్న ఉత్తరం. ఇంకొకటి అమెరికా యూనివర్సిటీకి పంపే స్టేట్‌మెంటు. రెండింట్ల నాయిన సెంట్రింగ్ లేబర్ అని చేత్తో రాసుకోని ఉన్నది. రెండో దాంట్ల ఎవరో ఆ మాట కొట్టేసి బిజినెస్ అని రాసిండ్రు.

"ఇదెవరు రాసిండ్రు బిడ్డా?"

"కన్సల్టెన్సీల సార్ అంకుల్. లేబర్ అని రాస్తే బాగుండదన్నడు. నాకైతే మా నాయినది మార్చబుద్ధి కాలే. అయితే అంకుల్, యు పెట్టాల్నా, తీసెయ్యాల్నా? మా ఫ్రెండ్ తీసెయ్యాలన్నది."

"హైదరాబాద్ల ఇచ్చేదాంట్ల పెడుదాం. అమెరికాకు పోయేదాంట్ల వాళ్ళ తీరుగ తీసేద్దాం. నీ ఇష్టమైతే రెండింట్లా పెట్టుకో, వాళ్ళకూ అర్థమైతది."

పాప కొంచెం సేపు ఆలోచన చేసింది. రెండింట్లా పెట్టమన్నది. బిజినెస్ అన్నది కొట్టేసి, లేబర్ అని ఆరు అక్షరాలూ కొట్టిన. ఎర్ర గీత వచ్చింది. ప్రింటుల ఆ గీత పడదని చెప్పిన. రెండూ కలిసి అయిదు పేజీలయినయి, పిన్ను కొట్టిచ్చిన.